రెండు డయాలసిస్‌ల మధ్య ఢిల్లీ

"కూర్చోండమ్మా, మీరు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని ఆ నర్సమ్మ నాతో అనని రోజు లేదు. పలాసలో మా తమ్ముడు రమణకి డయాలసిస్ చేసే చోట వరండాలో గోడవారగా ఒక ఇనప బెంచీ ఉంది. వాడు లోపల మిషను పక్కన గంటల తరబడి కదలకుండా పడి ఉంటాడు. బయట నేను ఒక్క చోట ఉండలేను. బెంచీ మీద కూర్చుంటాను, లేస్తాను, గేటు దాకా వెళ్తాను. ఆటోవాళ్ళు ఎక్కడికమ్మా అంటే ఎక్కడికీ కాదని చెప్పి వెనక్కొస్తాను. గాలి అటు నుంచి తిరిగిందంటే జీడిపిక్కలు కాల్చే వాసన వస్తుంది. చిన్నప్పుడు ఆ వాసనకి ఆకలేసేది, ఇప్పుడు చిరాకేస్తుంది. టెక్కలి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేది వాడికి తోడుంటానని. తీరా చూస్తే వాడే అద్దంలోంచి నన్ను చూసి, కూకో కూకో అని చెయ్యి ఊపుతుంటాడు. అరవై దాటినా నాకు కుదురు రాలేదు, ఇక వస్తుందన్న ఆశా లేదు.

ఒక శుక్రవారం, సూదులు తీసేశాక, మోచేతి దగ్గర దూది నొక్కుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మిషను దిగిన కాసేపటి వరకు వాడి మొహంలో నెత్తురుండదు. అప్పుడు వాడితో మేం ఎవరం మాట్లాడం. ఆ రోజు వాడే మాట్లాడాడు.

"అప్పా, నాను ఢిల్లీ ఎల్లొత్తాను."

మా వైపు అక్కని అప్ప అంటాం. ఆ పిలుపుకి నేను ఎప్పుడూ మెత్తబడిపోతాను. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండింది.

"నీకేటి మతి గాని పోనాదేట్రా? ఇప్పుడు ఢిల్లీ ఏటి?"

"ఇప్పుడు కాపోతే ఇంకెప్పుడు? శుక్రారం మిషనెక్కితే మళ్ళీ సోమారమే కదా. మద్దెన శనాదివారాలు నాయే. విశాపట్నంలో పొద్దున్నే ఇమానం ఎక్కీసి, ఆదోరం రాత్రికి దిగిపోతాం. డాక్టరు గార్ని కూడా అడిగీసినాను. నీళ్ళు జాగర్త, ఎక్కువ అలిసిపోకు అన్నాడు."

"అందర్నీ అడిగీసి ఆకర్న నాకు సెప్తన్నావన్నమాట."

"నీకు ముందు సెప్తే ఈ వరండా అరిగిపోద్దని సెప్పనేదు" అన్నాడు.

నవ్వు రావలసిన మాటే. రాలేదు. లేచి గేటు దాకా వెళ్ళి వచ్చాను. నాకు వచ్చింది కోపం కాదు, భయం. తాగే నీళ్ళు కూడా ఇంత అని ఒక చిన్న సీసాలో పోసుకుని రోజంతా గుక్కగుక్కగా తాగే మనిషి. కాలు కాస్త బరువెక్కితే ఇల్లంతా ఆ కాలు చుట్టూ చేరుతాం. అలాంటివాడు రెండు డయాలసిస్‌ల మధ్య దొరికిన ఆ కాస్త సందులోంచి దూరి ఢిల్లీ చూసొస్తానంటాడు. దారిలో ఏమన్నా అయితే? అక్కడ భాష తెలీని ఊళ్ళో ఆయాసం వస్తే? ఈ ప్రశ్నలు వాడి మొహం మీద అడగలేను. అడిగితే అవి నిజమైపోతాయని నా పిచ్చి.

వాడిల్లు కాశీబుగ్గలో. సాయంత్రం అక్కడికి వెళ్ళేసరికి వాడి కూతురు హారిక ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఉంది. పిల్ల ఈ మధ్యే ఉద్యోగంలో చేరింది, తండ్రికి ఢిల్లీ చూపించడం తన పూచీ అనుకుంది. "అత్తా, రెండ్రోజుల్లో అన్నీ కవర్ అవ్వవు. నాన్నని ఎక్కువ నడిపించకూడదు. ఎర్రకోట పెద్దది, నడక ఎక్కువ. కుతుబ్ మినార్ దూరం. తాజ్‌మహల్ అంటే ఓ రోజు దానికే పోద్ది. ఏది ఉంచమంటావు, ఏది తీసీమంటావు?" అని గడగడా అడిగింది. నేను జవాబు చెప్పేలోపల లోపల్నించి రమణ, "అప్పనే అడుగమ్మా, మనింట్లో ఢిల్లీ సూసింది అప్పొక్కర్తే" అన్నాడు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి వెళ్ళిపోయాను. హారిక వెనకే వచ్చింది. "ఏటత్తా, అడిగితే పారిపోతన్నావు?" అని నవ్వింది. ఏం చెప్పను? నేను చూసిన ఢిల్లీ ఒక ఆసుపత్రి, ఒక మిలిట్రీ క్వార్టరు, ఒక రోడ్డు. ఆ రోడ్డు పేరు కూడా నాకు తెలీదు.

మా ఊరు ఉద్దానంలో, సముద్రం హోరు వినపడేంత దగ్గర. తోటలో ఒక మూల ఇల్లు కట్టుకున్నామనడమే సబబు గాని, మా ఇంటికి తోట ఉందనడం కుదరదు. కొబ్బరి, జీడి, పనస, మధ్యలో మునగ, ఇంటి వెనక అరటి. వంటింట్లో కూర్చున్నా కొబ్బరాకుల నీడ అన్నం కంచంలో కదిలేది. నాన్న చీకటితోనే లేచి, పుల్ల నోట్లో పెట్టుకుని, తోటలోకి నడిచేవాడు. ఏ చెట్టునీ వదిలేవాడు కాదు. చెట్టు మొదట్లో కాలి బొటనవేలితో మట్టి గీకి తడి చూసేవాడు, మానుని అరచేత్తో ఓసారి తట్టేవాడు, ఇంకో చెట్టుకి వెళ్ళేవాడు. అమ్మ చోడంబలి, అదే రాగి అంబలి, గిన్నెలో పోసి, నంజుకోవడానికి కాల్చిన ఎండుచేప పెట్టి, "ఓయ్, రాండి, సల్లారిపోతంది" అని అరిచి అరిచి, చివరికి గిన్నె పట్టుకుని తనే చెట్టు దగ్గరికి వెళ్ళేది. ఆయన నడుస్తూనే తాగేవాడు. కాల్చిన చేప వాసన, తడి మట్టి వాసన, దూరంగా పొగపెట్టిన కొబ్బరి డొక్కల వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇంటి పొద్దు. నా తిరుగుడు ఎక్కడి నుంచి వచ్చిందని అమ్మ ఎవరినీ అడగలేదు. "తండ్రి పోలిక" అని మొటిక్కాయ వేసేది, అంతే.

ఆ రోజుల్లో తోటలకి కంచెలుండేవి కావు. బడికెళ్ళాలన్నా, సంతకెళ్ళాలన్నా పది మంది తోటల్లోంచి దారి. ఆ దారి మీద కాయ రాలి పడి ఉంటే దాటుకుని వెళ్ళకూడదు. అది మాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు, నడక నేర్చినట్టే వచ్చింది. వంగి తియ్యాలి, అది ఏ చెట్టుదో తలెత్తి చూడాలి, తీసుకెళ్ళి ఆ చెట్టు మొదట్లో పెట్టాలి. సాయంత్రం తోటవాళ్ళు వచ్చి ఏరుకుంటారు. కొబ్బరికాయైనా అంతే, పనసైనా అంతే, జీడిపండు పిక్కతో సహా రాలినా అంతే. బడికి ఆలస్యమై పరిగెడుతున్నా సరే, కాయ కనిపిస్తే ఆగాలి. ఓసారి నేను పట్టించుకోకుండా గెంతి వెళ్ళిపోతే, నాన్న వెనక నుంచి చూసి, "ఏమ్మా, కళ్ళు ఇంటి కాడ ఒగ్గీసొచ్చినావా?" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆ నాన్నకే ముందు పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. తర్వాత అన్నం సయించడం మానేసింది. ఎండుచేప కాల్చిన వాసనకి బయటికి వెళ్ళి వాంతి చేసుకునేవాడు. ఉప్పు మానమన్నారు. అమ్మ అందరికీ ఉప్పు లేకుండానే వండేది, ఆయన ఒక్కడికీ వేరే గిన్నె పెడితే బాధపడతాడని. ఇప్పుడు మా ప్రాంతంలో ఈ జబ్బు పేరు చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఎందుకొస్తుందో మాత్రం ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. అప్పుడు దానికి పేరు కూడా లేదు, "వాపు" అనేవాళ్ళం. టెక్కలి డాక్టరు చూశాడు, విశాఖపట్నంలో చూశారు, మందులు మారాయి, వాపు మారలేదు.

మా అమ్మ తమ్ముడు ఢిల్లేశ్వరరావు మిలిట్రీలో జవాను. మా వైపు ఊరికి నలుగురు ఢిల్లేశ్వరరావులుంటారు. ఢిల్లీ మాట అలా ఉంచండి, బరంపురం దాటినవాడు కనపడడు. మా మావ ఒక్కడు నిజంగా ఢిల్లీలో ఉద్యోగం చేసి ఆ పేరుకి న్యాయం చేశాడు. సెలవు మీద వచ్చి నాన్న కాళ్ళు చూశాడు. వెళ్ళేటప్పుడు, "బావా, నాతో వొచ్చీ. అక్కడ పేద్ద ఆస్పత్రి ఉన్నాది. అక్క వత్తాది, సరోజ వత్తాది. పిల్లోడు ముసలమ్మ కాడ ఉంటాడు" అన్నాడు. పిల్లోడంటే రమణ. అప్పటికి వాడికి మాటలు వచ్చి ఎంతో కాలం కాలేదు. పలాస స్టేషనులో నానమ్మ చంకలోంచి ఎగిరి నా పరికిణీ పట్టుకుని వదల్లేదు. రైలు కూత వేస్తోంది, వాడు ఏడుస్తున్నాడు, అమ్మ ఏడుస్తోంది. నేను వాడి వేళ్ళు ఒక్కొక్కటీ విడిపిస్తూ, "అన్నీ సూసొచ్చి నీకు సెప్తాన్రా, ఒక్కటీ మర్సిపోకుండా సెప్తాను" అన్నాను. వాడు దానికి ఒప్పుకున్నట్టు వదిలేశాడు.

చేతులూపుకుంటూ ఎవరింటికీ వెళ్ళడం మా ఇంటా వంటా లేదు. డాక్టరుకని కొబ్బరికాయలు, మావ పై అధికారికని జీడిపప్పు, క్వార్టర్లో ఇరుగుపొరుగుకని ఒక పెద్ద పనసకాయ. ఒరిస్సాలో రైలు మారే వేళకే పనస ముగ్గింది. ఇక ఢిల్లీ దాకా ఆ పెట్టెలో మేమెవరమో అందరికీ తెలిసిపోయింది. కొందరు ముక్కు మూసుకున్నారు, కొందరు ఎక్కడిదని అడిగి తొనలు తిన్నారు. నాన్న తినలేకపోయినా వలిచి పెట్టడంలో సంబరపడ్డాడు.

ఆసుపత్రిలో రక్తం తీసుకున్నారు, ఫొటోలు తీశారు, ఎల్లుండి పొద్దున్న రమ్మన్నారు. మధ్యలో ఒక రోజు ఊరికే మిగిలింది. ఆ రోజు ఏం చెయ్యాలన్న దాని మీద క్వార్టర్లో పెద్ద రభస.

"పడుకోండి. ఆ కాళ్ళు సూసుకున్నారా? సెప్పుల్లో పట్టడం నేదు" అంది అమ్మ.

"ఢిల్లీ వొచ్చి మంచం సూసి ఎల్లిపోమంటావేటే? రేపు ఊళ్ళో అడిగితే ఏటి సెప్పాల, మీ తమ్ముడి మంచం నవారుదనా?"

మావ మధ్యలో దూరాడు. "బావా, ఒకే ఒక్క సోటు. రెండో సోటంటే నాను తీసుకెల్లను. ఏటి సూత్తావో నువ్వే సెప్పు."

"నాకేటి తెలుసు? పిల్ల సెప్తాది. ఏటే సరోజా, నీకేటి కావాల?"

అంత పెద్ద మాట నన్ను ఎవరూ అంతకుముందు అడగలేదు. అన్నం తినే లోపల మాట మూడు రకాలుగా మార్చాను. ముందు కోటన్నాను. తెల్లపులి ఉందని మావ నోరు జారితే పులన్నాను. లోపల మెట్లున్న మినారు ఒకటుందనీ, కొంత దూరం పైకి ఎక్కనిస్తారనీ తెలిశాక ఇక అదే పట్టు పట్టాను. ఏది ఎంచుకున్నా తక్కినవన్నీ పోతాయన్న దుఃఖం. పులి పోయిందని బాధ, కోట పోయిందని బాధ, మినారు దొరికిందని సంతోషం మాత్రం లేదు. "ఈ పిల్లకి ఇచ్చినా ఏడుపే, ఇవ్వకపోయినా ఏడుపే" అంది అమ్మ. ఇప్పుడు హారిక ఫోనులో వేలితో ఒక్కొక్క చోటూ తోసేస్తుంటే నాకు మళ్ళీ అదే ఏడుపు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. ఒక చోట దిగి, ఇంకో బస్సు కోసం కొంచెం నడవాలన్నాడు మావ. వెడల్పాటి రోడ్డు. రెండు వైపులా బాగా ఎత్తెదిగిన చెట్లు. నేను మావ చెయ్యి పట్టుకుని ముందు నడుస్తున్నాను. నడుస్తున్నానేమిటి, ఈడుస్తున్నాను. వెనక నాన్న చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

"నేరేడు" అన్నాడు నాన్న.

నిజమే, అవన్నీ నేరేడు చెట్లు. పళ్ళు రాలి రోడ్డంతా ఊదారంగు. జనం తొక్కుకుంటూ పోతున్నారు. నాన్న వంగాడు. వాచిన కాళ్ళతో వంగడం ఆయనకి ఎంత కష్టమో మాకు తెలుసు. నాలుగు పళ్ళు ఏరి, తలెత్తి ఏ కొమ్మదో చూసి, తీసుకెళ్ళి ఆ చెట్టు మొదట్లో పెట్టాడు. మళ్ళీ వచ్చి ఇంకో నాలుగు. భుజం మీది తువ్వాలు తీసి అందులో ఏరడం మొదలుపెట్టాడు.

"ఓలమ్మా, ఇది మన తోటేటండీ? రాండి, ఎవులన్నా సూత్తే నవ్వుతారు" అంది అమ్మ.

"ఎవులి తోటైతేనేటే? తొక్కుకుంటూ ఎలా ఎల్తాం?"

నాకు ఏడుపొచ్చేస్తోంది. బస్సు వెళ్ళిపోతుంది, మినారు మూసేస్తారు. నాన్న చెయ్యి పట్టుకు లాగాను. ఆయన రెండో చేత్తో ఏరుతున్నాడు. అంతలో అవతల చెట్టు కింద నుంచి ఒకాయన పెద్దగా కేకలేస్తూ పరిగెత్తుకొచ్చాడు. ఆ చెట్ల కాయ వేలంలో పాడుకున్న మనిషట. తువ్వాలు లాక్కున్నాడు. ఆయన మాటలు అర్థం కాకపోయినా దొంగ అంటున్నాడని నాకు తెలిసిపోయింది. మా నాన్నని ఒకరు దొంగ అనడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ నిమిషం మినారు మర్చిపోయాను.

మావ హిందీలో మొదలుపెట్టాడు. మా ఊరు, తోటలు, దారి, రాలిన కాయ చెట్టు కింద పెట్టడం, అన్నీ చేతులతో చూపిస్తూ చెప్పాడు. ఆ మనిషి నమ్మలేదు. చెట్టు దగ్గర గంప ముందు కూర్చున్న ఆయన భార్య మాత్రం లేచి వెళ్ళి, మొదట్లో కుప్పగా పెట్టిన పళ్ళు చూసింది. ఆ వెనక చెట్టు కిందా చూసింది. వచ్చి ఏదో అని పకపకా నవ్వింది.

"ఏటంటాది?" అన్నాడు నాన్న.

"మీ ఊళ్ళో దొంగలు ఎలాగ బతుకుతారని అడుగుతంది బావా."

"దొంగలు తోటల్లో పడతారు గాని దారి మీద కాదని సెప్పు" అన్నాడు నాన్న. మావ ఆ మాట హిందీలో చెప్పాక కాయ పాడుకున్నాయనా నవ్వేశాడు, తువ్వాలు తిరిగిచ్చేశాడు.

అక్కడితో వెళ్ళిపోవలసింది. వెళ్ళలేదు. చెట్టు మీద వాళ్ళ మనిషి కొమ్మ కుదుపుతున్నాడు, కింద దుప్పటి పట్టుకోవడానికి ఒక చెయ్యి తక్కువైంది. నాన్న చెప్పా పెట్టకుండా వెళ్ళి నాలుగో కొస పట్టుకున్నాడు. "బావా!" అని మావ, "ఓరి దేముడా!" అని అమ్మ. ఆయన వింటేగా? "ఆ కొమ్మ కాదు, పైది, పైది ఊపమను. కిందది పచ్చి" అని తెలుగులో అరుస్తున్నాడు. విచిత్రం ఏమిటంటే పైవాడికి అర్థమవుతోంది. కాసేపటికి వాళ్ళ చేతుల్లోంచి అమ్మ ఒక కొస, నేను ఒక కొస అందుకున్నాం. మావ ఒక్కడు మాత్రం మిలిట్రీ పరువు పోతుందని చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. వాన కురిసినట్టు పళ్ళు దుప్పట్లో పడుతుంటే నాన్న మొహం చూడాలి. నెలల తర్వాత మా నాన్న మొహం మళ్ళీ మా నాన్న మొహంలా ఉంది.

గంప దగ్గరావిడ ఆకు దొన్నెలో పళ్ళు వేసి ఉప్పు చల్లబోయింది. ఉప్పు వద్దని మావ చెప్పాడు. ఎందుకని ఆవిడ అడగలేదు. నాన్న కాళ్ళ వైపు ఓసారి చూసి, పళ్ళు నీళ్ళతో కడిగి పెట్టింది. నాన్న తిన్నాడు. ఇంకా ఉంటే ఇమ్మన్నాడు. ఆయన "ఇంకా" అన్న మాట ఎన్నాళ్ళకి విన్నదో అమ్మ, అటు తిరిగి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అది అమ్మకి పండగ. నాకు మాత్రం సూర్యుడు ఎటు వెళ్తున్నాడో అన్న గోల. ఎప్పుడెల్తాం, ఎప్పుడెల్తాం అని ప్రాణం తీశాను. చివరికి మబ్బు పట్టి జల్లు మొదలైంది, మావ ఇక వేళ దాటిందన్నాడు. తడుస్తూ వెనక్కి వచ్చేశాం. బస్సులో నేను వెక్కి వెక్కి ఏడిచాను. ఊదారంగు నాలుకతో నాన్న, "రేపు డాక్టరు కాడ పనైపోగానే నీ మినారెక్కీద్దాం. ఏడవకు తల్లీ" అన్నాడు.

మర్నాడు డాక్టరు నాన్నని, మమ్మల్ని బయట ఉండమని, మావని లోపలికి పిలిచాడు. మావ బయటికి వచ్చి ముందు కుళాయి దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు మొహం కడుక్కున్నాడు. తర్వాత వచ్చి, "మందులు రాసినాడు బావా. తగ్గిపోద్దన్నాడు" అన్నాడు. నాన్న మావని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా వైపు తిరిగి, "పదమ్మా, మినారెక్కుదాం" అన్నాడు. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కాని మావ మొహం చూశాక నాకు ఏ మెట్లూ ఎక్కాలనిపించలేదు. "ఇంటికెల్దాం నాన్నా" అన్నాను. ఆయన సరే అన్నాడు.

పలాస స్టేషనులో రమణ నానమ్మ చెయ్యి విడిపించుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏటి సూసినావప్పా?" అన్నాడు. నేరేడు చెట్లన్నాను. మరి పళ్ళేవి అన్నాడు. పళ్ళు తేలేదని వాడు ప్లాట్‌ఫారం మీద దొర్లి ఏడ్చాడు. ఊళ్ళో మాకు పేరు పడిపోయింది, ఢిల్లీ ఎల్లి నేరేడుపళ్ళు ఏరుకొచ్చినోళ్ళు అని. నాన్న కూడా అందరితో కలిసి నవ్వేవాడు. మరుసటేడు జీడి పూసే వేళకి ఆ నవ్వే మనిషి లేడు.

ఆ తర్వాత ఢిల్లీ వెళ్ళడానికి నాకు వీలు రాలేదని కాదు. యాత్రల బస్సులో కాశీ దాకా వెళ్ళి, మిగతావాళ్ళు ఢిల్లీకి కదిలితే నేను వెనక్కి వచ్చేశాను. కారణం అడిగితే నడుం నొప్పన్నాను. ఇప్పుడు అమ్మా లేదు, మావా లేడు. తుఫాన్లు వచ్చి కొబ్బరి చెట్లని పడగొట్టి పోయాయి, మిగిలిన తోటలకి ముళ్ళకంచెలు. దారి మీద కాయ పడితే బైకులు దాని మీద నుంచే వెళ్తాయి. వాళ్ళనేం అనను, ఆగడానికి ఎవరికి తీరికుంది? కాని జబ్బు విషయంలో ఇప్పటి కాలాన్ని ఒక్క మాట అనలేను. అప్పుడు మావ కుళాయి దగ్గర మొహం కడుక్కోవడం తప్ప ఏం చెయ్యగలిగాడు? మా నాన్నకి మిషను లేదు, మా తమ్ముడికి ఉంది. వాడు మిషను మీద ఉన్నాడని కొన్ని రోజులు ఏడుస్తాను. మిషనుంది కాబట్టే ఉన్నాడని కొన్ని రోజులు దానికి దణ్ణం పెడతాను. ఒకే పూటలో రెండూ చేసిన రోజులు కూడా ఉన్నాయి.

ఇదంతా ఆ సాయంత్రం వాళ్ళ పెరట్లో చెప్పేశాను. రమణ కూడా వచ్చి గట్టు మీద కూర్చుని విన్నాడు. ఊరివాళ్ళ ఎకసెక్కాలు వాడు విన్నాడు గాని, మొదలంటా ఎవరూ ఎప్పుడూ వాడికి చెప్పలేదు. చెప్పవలసింది నేనే, చెప్పలేదు. హారిక కళ్ళు తుడుచుకుంది. "అయితే ఇంకేటీ వొద్దు నాన్నా. ఆ రోడ్డెక్కడో మనం కనుక్కుందాం. తాతయ్య నిలబడిన చోట నువ్వు కాసేపు ప్రశాంతంగా కూచుందువు. నడకా ఉండదు, అలసటా ఉండదు" అంది. నాకూ అదే సరైనదనిపించింది. లోపల ఎక్కడో నేను వాడికి చెప్పిందే అందుకు. "అవున్రా, అలా సెయ్యి" అన్నాను. మా ఇద్దరికీ అయిపోయింది, ఢిల్లీ తేలిపోయింది.

రమణ సీసా తీసి ఒక గుక్క తాగి మూత పెట్టాడు.

"నాన్న అక్కడ కూకున్నాడేటి?" అన్నాడు. "వొంగినాడు, ఏరినాడు, దుప్పటి పట్టుకున్నాడు. కూకోడానికి నాను ఢిల్లీ దాకా ఎందుకెల్లాల?"

"మరి ఏటి సూత్తావు?" అన్నాను.

"నాకు కోటా వొద్దు, సెట్టూ వొద్దు. అక్కడ భూమి కింద రైలు తిరుగుతాదంట కదా, అదెక్కుతాను. ఈ సివర నుంచి ఆ సివరికి ఎల్తాను. అక్కడ దిగి ఇంకోటెక్కుతాను. ఎక్కడికని నన్ను అడక్కండి." చొక్కా చెయ్యి పైకి లాగాడు. "వారానికి మూడు మాట్లు నన్ను ఆ మంచానికి కట్టీసి, నా రగతాన్ని ఒక్కదాన్నే తిప్పుతన్నారు అప్పా. రెండ్రోజులు నన్ను తిరగనీండి."

హారిక ఫోను ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంది. వాడికి ఏది మంచిదో, వాడు ఏది చూడాలో, ఎక్కడ ఆగాలో ఇంతసేపూ మేమే తేల్చేశాం. వాడి పక్కన గట్టు మీద కూర్చుని, సూదుల మచ్చలతో గట్టిపడిపోయిన ఆ చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. మిషను కోసం కలిపి కుట్టిన నరం లోపల రక్తం జుమ్మని కొట్టుకుంటోంది, బయటికి తెలిసేంత గట్టిగా.

"హారికా, నాకూ ఓ టికెట్టు తియ్యమ్మా" అన్నాను.